ఇసుకలో వేయించిన గోలీలు

కరోనా సద్దుమణిగి, జనం మూతికి గుడ్డలు కట్టుకోవడం మానేసిన రెండో చలికాలం అది. నేను పనిచేసేది నిజామాబాద్‌లో ఒక నరాల డాక్టరు గారి క్లినిక్‌లో. మందుల షాపు కింద, మేము పైన. నాది ఆయమ్మ పని. పొద్దున్నే ఊడ్చి తుడవడం, నంబరు ప్రకారం పేషెంట్లను లోపలికి పంపడం, లేవలేని వాళ్లను లేపడం, సూదికి భయపడే వాళ్ల చెయ్యి పట్టుకోవడం. చదివింది అయిదో తరగతి. రాతకోతలు నాకు అంతగా రావు. కానీ ఒకసారి చూసిన మనిషిని, విన్న మాటను మరిచిపోను. ఇంట్లో అన్నాల వేళ క్లినిక్ ముచ్చట ఒకటి చెప్పకపోతే మా పిల్లలకు ముద్ద దిగదు. వాళ్లు మళ్లీ మళ్లీ చెప్పించుకున్నది ఈ పల్లీల సాయవ్వ ముచ్చటే.

నరాల డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫిట్స్ వాళ్లు, పక్షవాతం వాళ్లు, విడవని తలనొప్పి వాళ్లు. ఫిట్స్ అంటే మూర్ఛ. తల లోపల నరాలు ఒక్కసారిగా అదుపు తప్పి, మనిషి కొట్టుకుని పడిపోయే జబ్బు. ఆ రోజు హాలు నిండా అలాంటి వాళ్లే ఉన్నారు. మెట్లెక్కి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ముందున్నామె అరవై దాటిన మనిషి, తల నుంచి గడ్డం దాకా శాలువా చుట్టుకుంది, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. కరోనా భయం ఇంకా పోలేదేమో, బెంచీ మీద వాళ్లు జరిగి జరిగి ఆమెకు కావలసినదానికంటే ఎక్కువే చోటిచ్చారు.

"పేరేందవ్వా?" అని ఆమెను అడిగాను.

"సాయవ్వ" అంది వెనకున్న కోడలు.

"ఊరు?"

"ఎడపల్లి. నేను ఆమె కోడల్ని, రజితను. మాది పల్లీల భట్టి. ఇసుకల పల్లీలు, శెనగలు ఏంచి బోధన్ అంగట్ల అమ్ముతం. మా అత్తమ్మ ఒక్కసారి పిలిచిందంటే అంగడి ఆ కొసకున్నోళ్లు గూడ ఈడికే అస్తరు. తెలుగోళ్లకు తెలుగుల, తుర్కోళ్లకు ఉర్దుల, మరాఠోళ్లు కనవడితే 'యా యా తాయీ, గరం శేంగదాణే' అని, అంటే రా రా అక్కా, ఏడి పల్లీలని..."

"ఆమెను అడుగుతుంటే నువ్వే చెప్తున్నవేంది?"

"ఆమెకు నోరు తెరవరాదక్కా. దసరా ముందటి సంది గిట్లనే. నేను లగ్గమై అచ్చినకాంచి ఆ ఇంట్ల నాకు మాట్లాడే సందే దొరకలే. ఇగో, ఇప్పుడు దొరికింది."

శాలువాలోంచి ఒక మోచెయ్యి వచ్చి కోడలి డొక్కలో పొడిచింది. హాల్లో వాళ్లు నవ్వారు. సరిగ్గా అప్పుడే ఎవరో మెట్ల వైపు తలుపు తీశారు, చల్లగాలి లోపలికి కొట్టింది. సాయవ్వ ఉన్నచోటనే కొయ్యబారిపోయింది. కుడి చెంప మీదికి చెయ్యి లేచింది గానీ చెంపను ముట్టలేదు. ముట్టడానికి భయం. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, నోటి నుంచి మాత్రం చిన్న శబ్దం కూడా రాలేదు. కాసేపటికి ఊపిరి వదిలింది. నేను వెంటనే తలుపు వేసి, వాళ్లను గాలి తగలని మూలకు కూర్చోబెట్టాను.

లోపలికి తీసుకెళ్లి శాలువా మెల్లగా తీయించాం. ఎడమ చెంప శుభ్రంగా ఉంది. కుడి చెంప మీద పొయ్యి బూడిద, మసి. ఎన్నాళ్లుగానో ఆ పక్క కడుక్కోలేదు. డాక్టరు గారు దాన్నే చూశారు. ఇలాంటి నొప్పి ఉన్న మగవాళ్లు ఒక పక్క గడ్డం గీసుకుని, రెండో పక్క వదిలేసి వస్తారని ఆయన వెనకటికోసారి మాకు చెప్పారు.

"మొదట పంటి నొప్పి అనుకున్నరా?" అని అడిగారు.

రజిత అందుకుంది. "అవ్ సార్. మా వాడల అందరు బీడీలు చేసేటోళ్లే. తంబాకు పంటి కింద పెట్టుకో అన్నరు. పెట్టుకున్నది. కడుపుల తిప్పింది గని నొప్పి పోలే. ఒక పన్ను పీకిచ్చినం, పోలే. దాని పక్కది పీకిచ్చినం. గాలి సోకిందని నిమ్మకాయలు గూడ తిప్పినం."

"ఏం తింటున్నది?"

"గంజి. అది గూడ ఎడమ దిక్కుకెళ్లి. మొన్న సైగలు చేసి చెప్పింది సార్, గిట్ల బతుకుడు నాకొద్దు అని."

ఆ మాట చెప్పి రజిత అత్త చెయ్యి పట్టుకుంది. సాయవ్వ గోడవైపు చూసింది.

డాక్టరు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అవ్వా, తల ఊపితే చాలు. చెవి దగ్గర మొదలై దవడ దాకా కరెంటు కొట్టినట్టు కొడుతుందా? కొట్టి పోయి, మళ్లీ కొడుతుందా? మొకం కడిగినా, నమిలినా, మాట్లాడినా?"

ప్రతిదానికీ సాయవ్వ తల ఊపింది. చివరికి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఇన్ని నెలల్లో తన నొప్పిని తనకంటే ముందే చెప్పిన మనిషి దొరికాడు మరి.

ఆ జబ్బు పేరు ట్రైజెమినల్ న్యూరాల్జియా. ముఖానికి స్పర్శ తెలియజేసే పెద్ద నరం ఒకటి ఉంటుంది. అది ఊరికే ఉలిక్కిపడుతూ, గాలి తగిలినా కత్తి తగిలినట్టు తలకు కబురు పంపుతుంది. పళ్ల తప్పేమీ లేదు. స్కానింగ్ తీయించి, నరాన్ని నొక్కే గడ్డలాంటిదేమీ లేదని చూసుకున్నాక డాక్టరు గారు గోలీ రాశారు. కార్బమజెపైన్. మొదట సగం గోలీ, తర్వాత మెల్లమెల్లగా పెంచాలి. మొదట్లో మత్తుగా, తూలినట్టుగా ఉండొచ్చు. ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆపేసి అప్పటికప్పుడే రావాలి. రక్తపరీక్షలు చేయించుకోవాలి. బాగుందని చెప్పి సొంతంగా మానేయకూడదు. ఇవన్నీ ఆయన ఓపిగ్గా చెప్పారు, రజిత వేళ్లు ముడుస్తూ విన్నది. ఆయన చెప్పనిది ఒక్కటే. ఆ గోలీ అసలు ఏ జబ్బు కోసం పేరు పడ్డదో చెప్పలేదు.

అది కింద షాపులో తెలిసింది. గోలీల అట్ట ఇచ్చే ముందు జాగ్రత్తలు చెబుదామని షాపాయన అడిగాడట. "ఫిట్స్ ఎవరికమ్మా?"

ఆ తర్వాత ఎడపల్లిలో జరిగింది రజిత నాకు చెప్పిందే.

సాయవ్వ మొదట కొన్నాళ్లు గోలీ వేసుకుంది. నొప్పి కాస్త వెనక్కి తగ్గింది కూడా. ఒక పూట పాలలో పిసికిన అన్నం తిన్నది. ఈలోపు ఫిట్స్ గోలీ మాట వాడంతా తిరిగింది. ఒక పొద్దున గడపలో నిలబడ్డ సాయవ్వకు ముఖం మీద మెరుపు కొట్టింది. కొయ్యబారింది, మూతి ఒక పక్కకు పోయింది. ఎదురింటి పోశవ్వ చూసి "అయ్యో, సాయవ్వక్కకు ఫిట్సచ్చినయ్" అని ఉరికొచ్చి, తాళాల గుత్తి తెచ్చి అరచేతిలో గుచ్చి పట్టింది. మూర్ఛ వచ్చిన వాళ్ల చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని మా దిక్కు నమ్మకం. ఇంకొకామె ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కుకు పెట్టింది. ఆ చెయ్యి జారి కుడి చెంపకు తగిలింది. సాయవ్వ వేసిన కేకకు వాడంతా వచ్చింది. వచ్చిన వాళ్లందరికీ అది ఫిట్సేనని ఖాయమైపోయింది.

అందరూ ఆమె మీద ప్రేమతోనే చేశారు. చేసిందే చేటయింది. ఫిట్స్ మనిషిని నిప్పు దగ్గర కూర్చోబెట్టకూడదు కదా. కొడుకు ఆమెను భట్టి దగ్గరి నుంచి లేపేశాడు. అది ఆమె భట్టి. మొగుడు పోయాక, కొడుకు చేతికి అందకముందు నుంచి, దాని ముందు కూర్చుని ఇల్లు నిలబెట్టింది. ఇసుక ఎంత కాగిందో చెయ్యి పైన ఆడించి చెప్పగలదు. పల్లీ లోపల ఎప్పుడు ఎర్రబడిందో వాసనతో చెప్పగలదు. నోరు పోయాక ఆమెకు మిగిలింది ఆ గరిటె ఒక్కటే. అది కూడా కోడలి చేతికి పోయింది. నోరు లేని మనిషి, కాదని ఎలా చెబుతుంది?

తనకు తోచిన దారి తను పట్టింది. ఫిట్స్ గోలీ మింగినంతకాలమే తను ఫిట్స్ మనిషి. మింగకపోతే కాదు.

రజిత గోలీ ఇస్తుంది, సాయవ్వ నోట్లో వేసుకుని గుటక వేసినట్టు చేసి బయటికి నడుస్తుంది. భట్టి పక్కనున్న ఇసుక కుప్పలో వేలితో గుచ్చేస్తుంది. ఆ ఇసుకే మూకుట్లోకి ఎక్కుతుంది, అందులోనే పల్లీలు వేగుతాయి. జల్లెడ పడితే ఇసుక కిందికి పోతుంది, పల్లీలు పైన నిలుస్తాయి. ఒకరోజు రజిత జల్లెడలో పల్లీలతోపాటు మాడిన గోలీ ముక్కలు కూడా నిలిచాయి.

ఆ వాయి మొత్తం పారబోసి, ముక్కలు కొంగుకు మూట కట్టుకుని, అత్తను బస్సెక్కించింది.

వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు సాయవ్వ బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. శాలువా ఇంకా గట్టిగా చుట్టుకుంది. రజిత కొంగుముడి విప్పి, డాక్టరు గారి బల్ల మీద ఆ ముక్కలు పోసింది, కొంచెం ఇసుకతో సహా.

"ఇవేంటమ్మా?"

"మీ గోలీలే సార్. ఏంచినం."

ఆయన ముఖం చూసి నాకు నవ్వాగలేదు, చీపురు వెతుకుతున్నట్టు బయటికి వచ్చేశాను. నేను తిరిగి వెళ్లేసరికి రజిత షాపు దగ్గరి నుంచి తాళాల గుత్తి దాకా అంతా చెప్పేసింది. సాయవ్వ తల దించుకుని కూర్చుంది. డాక్టరు గారు మాడిన ముక్కలను ఒక పక్కకు జరిపారు.

"ఇది నేను ముందే చెప్పాల్సింది" అన్నారు. "అవ్వా, ఇది ఫిట్స్ గోలీ అన్నది నిజమే. మొదట దానికే వాడినం. నీకు ఫిట్స్ లేవన్నది కూడా నిజమే. ఈ గోలీ చేసే పని ఒక్కటే. ఊరికే ఉలిక్కిపడే నరాన్ని ఊకోబెడుతది. తల లోపలి నరాలు అట్లా చేస్తే ఫిట్స్ వస్తయి, అవి ఆగుతయి. మొకం నరం అట్లా చేస్తే నీ నొప్పి వస్తది, అది తగ్గుతది. మనసు పట్టరాని సంతోషంతో రేగిపోయి, తర్వాత పాతాళంలో పడిపోయే జబ్బు ఒకటుంది. దానికి కూడా ఇదే గోలీ ఇస్తరు. ఫిట్స్ మందుల్లో ఇంకో రకాలున్నయి. షుగరోళ్లకు అరికాళ్లు మండితే ఒకటి, మాటిమాటికీ వచ్చే ఒకపక్క తలనొప్పికి ఇంకొకటి."

సాయవ్వకు నమ్మకం కుదరలేదు. ఒక్క గోలీ ఇన్ని జబ్బులకా అన్నట్టు చెయ్యి తిప్పింది. రజిత ఆమె ముందు నేల మీద కూర్చుంది.

"అత్తమ్మా, నిజాంసాగర్ కాలువ నీళ్లు మన ఊళ్లకు అస్తయా లేదా? మనోళ్ల మడిల పారితే వడ్లయితయి. పక్కోళ్ల తోటల పారితే చెరుకైతది. నీళ్లు అవ్వే గదా? చెరుకు నీళ్లు మా మడిలకెట్ల అచ్చినయని ఎవలన్న లొల్లి పెడుతరా?"

సాయవ్వ కోడలి ముఖం కేసి చాలాసేపు చూసింది. ఈ పిల్లకు ఇంత మాట ఎప్పటినుంచి వచ్చు అన్నట్టుంది ఆ చూపు. డాక్టరు గారైతే కలం కింద పెట్టేశారు. "నాకంటే నువ్వే బాగ చెప్పినవ్."

తర్వాత సాయవ్వ ఒక సైగ చేసింది. రెండు చేతులతో గరిటె పట్టుకుని తిప్పినట్టు. దాని అర్థం రజిత చెప్పాల్సిన పనిలేకపోయింది.

"కూసోవచ్చు" అన్నారు డాక్టరు గారు. "గోలీ ఒంటికి అలవాటయ్యేదాకా తూలుతవ్, అందాక నిప్పు దగ్గరికి ఒంటరిగ వద్దు, కోడలు పక్కన ఉండాలె. మత్తు పోయినంక నీ భట్టి నీదే."

సాయవ్వ రజిత చేతిలోని ఫోను చూపించి, ఊరివైపు చెయ్యి చూపించింది. ఈ మాట వాళ్లకు కూడా చెప్పాలి. రజిత పోశవ్వకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. గది తలుపు తెరిచే ఉంది, హాలంతా చెవులు రిక్కించింది.

"పోశవ్వత్తా, సార్ మాట్లాడుతడు. అందరిని పిలువు."

"అందరం ఈడనే ఉన్నం, బీడీలు సుడుతున్నం. చెప్పుండ్రి సార్, తాళంచేతుల గుత్తి నాదే."

"సాయవ్వకు ఫిట్స్ లేవమ్మా. అది మొకం నరం నొప్పి. కుడి చెంప ఎవరూ ముట్టొద్దు. గుత్తి వద్దు, ఉల్లిగడ్డ వద్దు."

"మరి నిజంగ ఫిట్సచ్చినోళ్లకైతే పెట్టొచ్చునా సార్?"

"వాళ్లకు కూడా వద్దు. పక్కకు ఒరిగిచ్చి పండబెట్టుండ్రి. నోట్లో ఏం కుక్కకుండ్రి. జల్దీ ఆగకపోతే దవాఖానకు తేండ్రి."

"ఉల్లిగడ్డ మరి?"

"కూరలో ఏసుకోండ్రి."

అటువైపు నలుగురైదుగురు ఒకేసారి నవ్వారు. పోశవ్వ మాత్రం వదల్లేదు. "సార్, నరాలన్నిటికి మంచిదంటున్నరు గద, నా మోకాళ్లకు గా గోలీ ఒకటి..."

"వద్దు!" అని డాక్టరు గారు ఎంత గట్టిగా అన్నారంటే, హాల్లో కూడా ఒకరిద్దరు చేతులు వెనక్కి తీసుకున్నారు.

సాయవ్వ నవ్వలేదు. నవ్వితే ముఖం కదులుతుంది. కానీ భుజాలు కదిలాయి. అది నేను చూశాను.

ఆ తర్వాత వాళ్లు రావలసిన రోజున నేను మెట్లు తుడుస్తున్నాను. కింద ఆటో ఆగిన చప్పుడు, వెంటనే ఒక గొంతు. అప్పటిదాకా ఎన్నడూ వినని గొంతు. అయినా ఎవరిదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

"గింత దూరానికి గంత కిరాయా? ఎడపల్లికెళ్లి రైలుబండ్ల అచ్చినమా, బస్టాండుకెళ్లి నీ ఆటోలనా? రజితా! సంచి సక్కగ పట్టు. పల్లీలు కింద వోస్తున్నయ్, కండ్లు ఏడున్నయే నీకు? పొద్దుగాలనే చెప్పిన, మూతి గట్టిగ ముడెయ్యుమని..."

రజిత సంచి మోసుకుంటూ మెట్లెక్కుతోంది. తిట్లు తింటోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, పెదాలు మాత్రం చెవుల దాకా సాగాయి.

"ఏందమ్మా, ఏడుస్తున్నవా నవ్వుతున్నవా?" అన్నాను.

"తిడుతున్నదక్కా!" అంది, ఏదో ఇనాము దొరికినట్టు. "మొన్నటి సంది తిడుతున్నది. నిన్నయితే అంగట్ల నన్ను మూడు భాషల తిట్టింది."

సాయవ్వ రెండు చెంపలూ శుభ్రంగా కడుక్కుని వచ్చింది. శాలువా భుజం మీద మామూలుగా వేసుకుంది. బల్ల మీద పల్లీలు కుప్ప పోసి, "తినుండ్రి సార్. గిండ్ల గోలీల్లేవ్, జల్లెడ వట్టిన" అంది. డాక్టరు గారు నొప్పి ఎలా ఉందని అడగడానికి మూడుసార్లు నోరు తెరిచారు, మూడుసార్లూ ఆమే మాట్లాడింది. అప్పుడప్పుడు చిన్న మెరుపు వస్తుందట, వచ్చి బెదిరించి పోతుందట. సజ్జరొట్టె నమిలిందట. మత్తు రెండో వారానికే పోయిందట. భట్టి తనదే. కోడలు మాత్రం పక్కన కూర్చునే అలవాటు మానలేదట.

"మానతనా?" అంది రజిత. "ఒకరు ఏంచాలె, ఒకరు పిలువాలె. నాకు గూడ పిలుసుడచ్చింది. నువ్వు తెలుగుల పిలువు, నేను మరాఠిల పిలుస్త."

"నీ మరాఠీ ఇన్నరంటే ఉన్న మరాఠోళ్లు గూడ పోతరు."

డాక్టరు గారు గోలీ ఇంకా కొన్నాళ్లు వాడాలనీ, తర్వాత మెల్లగా తగ్గించి చూద్దామనీ, నొప్పి మళ్లీ ఎప్పుడైనా తిరిగి రావచ్చుననీ ఉన్నదున్నట్టు చెప్పారు. "రానియ్యిండ్రి. దాని పేరు ఎరుకైంది గద" అంది సాయవ్వ. రక్తం ఇవ్వడానికి హాల్లో కూర్చుంది.

ఆమె పక్కనే బాల్కొండ నుంచి వచ్చిన ఒక తల్లి, ఇంటర్ చదివే బిడ్డ ఉన్నారు. పిల్ల పేరు శ్రావణి. వచ్చినప్పుడల్లా తల్లి ఆమెను గోడవైపు తిప్పి కూర్చోబెట్టేది. గోలీల అట్ట తన రవిక సందులోంచి తీసి ఇచ్చి, మళ్లీ దాచేసేది. లోపల డాక్టరు గారు ఏమడిగినా తల్లే చెప్పేది. ఆ రోజు కూడా మధ్యాహ్నం గోలీ వేళకు అట్ట అరచేతిలో దాచి ఇస్తుంటే సాయవ్వ చూసింది.

"ఏం గోలీ బిడ్డా అది?"

"ఏం లేదు. తలనొప్పి" అంది తల్లి.

సాయవ్వ తన సంచిలో వెతికి, తన అట్ట తీసి పిల్ల ఒళ్లో పెట్టింది. "గిట్లాంటిదేనా?"

పిల్ల రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. అదే రంగు, అదే పేరు. "ఇదే" అంది.

"నాకు మొకం నొప్పి. నీకేమస్తది?"

పిల్ల తల్లివైపు చూసి, మెల్లగా అంది. "ఫిట్స్."

"అట్లనా! ఒక్కటే గోలీ మింగేటోళ్లం, మనం చుట్టాలమన్నట్టే."

"అమ్మా, జర మెల్లగ. అందరికి ఇనవడుతది" అంది తల్లి.

"ఇననీ. నాకు మెల్లగ మాట్లాడరాదు, నోరచ్చి నెల గాలే" అంది సాయవ్వ. తర్వాత ఆమె గొంతు నిజంగానే కొంచెం తగ్గింది. "నన్ను గూడ అన్నరు బిడ్డా, ఫిట్సున్నయని. లేవని గా సార్ తోని ఫోన్ల చెప్పిచ్చిన, వాడంత ఇన్నది. గప్పుడు మస్తు సంబురమైంది నాకు. ఇప్పుడు నిన్ను సూస్తే సిగ్గయితుంది. ఉంటే ఏమైతుండె? ఉన్నా నేను సాయవ్వనే గద. పల్లీలు ఏంచకపోదును, కూసోని అమ్ముదును. నువ్వు సెలవులల్ల బోధన్ అంగడికి రా. నిప్పు కాడ మా రజిత కూసుంటది. నువ్వు నా పక్కన కూసొని పిలువు. గొంతున్నదా నీకు?"

"ఉన్నది" అంది శ్రావణి. నవ్వింది. ఆ పిల్ల నవ్వగా నేను చూడడం అదే మొదలు. తల్లి కొంగుతో మూతి కప్పుకుంది గానీ, ఆమె కూడా నవ్వుతోందని కళ్లు చెప్పాయి.

అప్పుడే వాళ్ల నంబరు వచ్చింది. నేను పిలిచాను. తల్లి లేచి అట్ట తీసుకోబోతే పిల్ల ఇవ్వలేదు.

"పో బిడ్డా" అంది సాయవ్వ. "లోపట నువ్వే మాట్లాడు. మీ అమ్మను మాట్లాడనీయకు. నేను మూగదాన్నై ఉంటే నా కోడలు నా గురించి ఏమేం చెప్పిందో, ఈ అక్కను అడుగు."

"అన్ని మంచియే చెప్పిన!" అని రజిత అరిచింది.

ఈ కేసు నాకు రెండు సంగతులు నేర్పింది. మందులు తీసుకుని కిందికి దిగిన వాళ్లను, షాపులో ఏం చెప్పారు, అది విని మీరేమనుకున్నారు అని ఇప్పుడు అడుగుతాను. అడిగితే గుబులుగా ఉన్నవాళ్లు సగంమంది మళ్లీ మెట్లెక్కుతారు, డాక్టరు గారు మళ్లీ చెబుతారు. ఇది ఒకటి.

రెండోది ఆ తలుపు దగ్గరే తెలిసింది. శ్రావణి అట్ట చేత్తో పట్టుకుని, తల్లి కంటే ముందు లోపలికి నడిచింది. నేను తలుపు దగ్గరికి వేస్తున్నాను. "ఎట్లుంది?" అని డాక్టరు గారు ఎప్పటిలాగే తల్లిని చూస్తూ అడిగారు. "నేను చెప్తా సార్" అని పిల్ల గొంతు వినబడింది. కుర్చీ ఆమె వైపు తిరిగిన చప్పుడు కూడా వినబడింది. ఇప్పుడు నేను ఎవరిని లోపలికి పంపినా పేషెంటునే ముందు పంపుతాను. వెంట వచ్చినవాళ్లు, ఎంత పెద్దవాళ్లైనా, వెనక.